నూటపన్నెండు వంటిళ్లు

"అదేముంది, ఒకటి మూసెయ్. మిగతావన్నీ వాటంతటవే మూసుకుంటాయి."

భర్త ఈ మాట వంటింటి గుమ్మంలో నిలబడి, తాగేసిన టీ గ్లాసు ముందుకు చాపి అన్నాడు. ఆమె రెండు చేతులూ మోచేతుల దాకా సబ్బు నురగలో ఉన్నాయి. ఆ ఇంట్లో టీ గ్లాసులు కాపురం చేసి పిల్లల్ని కంటాయని ఆమెకు చాలాకాలంగా అనుమానం. పొద్దున ఆరింటికి ఆరు గ్లాసులు కడిగి బోర్లిస్తుంది. పదింటికి చూస్తే సింకులో పద్నాలుగు తేలుతుంటాయి. ఇంట్లో ఉండేదేమో ముగ్గురు: భర్త, అత్తగారు, తను. ముందు గదిలోని ఆఫీసుకి వచ్చిపోయేవాళ్లు తాగినవి కలుపుకున్నా, ఒక నాలుగు గ్లాసులకి తల్లీ తండ్రీ ఎవరో ఏనాడూ తేలలేదు.

"ఏది మూసెయ్యాలి?" అంది.

"కిటికీ. వంటింటి కిటికీ. బిల్డరు ఇప్పుడే ఫోన్ చేశాడు. ఆ వైపు గోడ మొత్తం నున్నగా కావాలట. రోడ్డు మీంచి తలెత్తి చూస్తే గిన్నెలు తోమే కిటికీలు కనబడటమేంటి, బిల్డింగు పరువు పోతుందన్నాడు."

"మరి గాలో?"

"ఫ్యానుంటుంది."

"వెలుతురు?"

"లైటుంటుంది. అక్కడికి నువ్వేదో వెళ్లి కాపురం ఉండబోతున్నట్టు!" నవ్వాడు. గ్లాసు గట్టు అంచున పెట్టేసి వెళ్లిపోయాడు. పదిహేనోది.

ముందు గది బయట గోడకి ఒక బోర్డుంది. దాని మీద పెద్దక్షరాల్లో ఆయన పేరు, కింద చిన్నక్షరాల్లో 'అండ్ అసోసియేట్స్' అని. ఆ అసోసియేట్స్ ఎవరయ్యా అంటే ఆమే. ఆమెను బహువచనంలో పిలిచే మర్యాద ఆ ఇంట్లో ఆ రేకు బోర్డు ఒక్కదానికే ఉంది. ఇంకా పునాది కూడా తవ్వని భవనాన్ని కంప్యూటర్లో ముందే కట్టి, తలుపులు బిగించి, దీపాలు వెలిగించి, కొనబోయేవాళ్లని చెయ్యి పట్టుకుని లోపలంతా తిప్పినట్టు చూపించడం వాళ్ల వృత్తి. కట్టేది ఆమె. తిప్పేది ఆయన. ఆయన తిప్పుతుంటే చూసినవాళ్లు, మీ చేతిలో ఏదో మహత్తుంది సార్ అంటారు. ఆ చెయ్యి అప్పటికి మౌస్ పట్టుకుని అయిదు నిమిషాలయి ఉంటుంది.

ఇప్పుడు కట్టింది పద్నాలుగంతస్తుల భవనం. అంతస్తుకి ఎనిమిది ఇళ్లు. నూటపన్నెండు వంటిళ్లు కావాలంటే నూటపన్నెండూ కట్టనక్కర్లేదు. ఒకటి కట్టాలి. దాన్ని పట్టుకుని, పక్కకి ఇంతింత దూరంలో ఎనిమిది, పైకి పదేసి అడుగుల చొప్పున పద్నాలుగు అని చెప్తే చాలు, రెప్ప వేసి తీసేలోగా కంప్యూటరు వరసలు పేర్చేస్తుంది. పేర్చిన ప్రతిదీ మొదటిదానికి కనబడని ముడితో కట్టేసి ఉంటుంది. మొదటి వంటింట్లో కుళాయి తిప్పి పెడితే నూటపన్నెండు కుళాయిలు తిరుగుతాయి. మొదటి వంటింట్లో గోడకంటించిన పలక పగిలితే భవనం భవనమంతా పలకలు పగులుతాయి. చూసేవాడికి గారడీ. ఆ మొదటి ఒక్కదానికి పట్టిన ఇరవై రోజులు మాత్రం ఏ మీట నొక్కినా తెర మీదికి రావు.

ఈ గారడీ భర్తకి నేర్పింది ఆమే. చెప్తే నమ్మరుగాని, ఒకప్పుడు ఆ ఇద్దరూ ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్లు, ఆమె ఆయనకంటే ఏడాది సీనియరు. ఒకరోజు ఆయన ఒక సభామందిరంలో మూడొందల కుర్చీలు పేర్చబోయి, మధ్య దూరం ఎంత అని అడిగినచోట సున్నా పెట్టాడు. తెర మీద ఒక్కటే కుర్చీ. కమాండు పనిచెయ్యలేదనుకుని మళ్లీ నొక్కాడు, మళ్లీ నొక్కాడు. కంప్యూటరు ఎద్దులా రొప్పింది. లోపలి ఫ్యాను ఊళ పెట్టింది. ఒక్క కుర్చీకి ఇంత ఆయాసమేంటని ఆఫీసంతా గుమిగూడింది. ఆమె వచ్చి ఆ కుర్చీని పట్టుకుని పక్కకి జరిపింది. దాని కింద ఇంకో కుర్చీ. దాన్ని జరిపితే ఇంకోటి. ఒకే చోట, ఒకదాంట్లో ఒకటి దూరి, తొమ్మిదొందల కుర్చీలు. ఆఫీసు ఆఫీసంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆయన మాత్రం చెవుల దాకా ఎర్రబడి, "మీరు లేకపోతే నా గతేంటండీ" అన్నాడు. ఆ 'మీరు'కీ ఆ 'అండీ'కీ పడిపోయింది ఆమె. పెళ్లయ్యాక, ఇద్దరం ఎవడికో చాకిరీ చెయ్యడమెందుకు, మనదే పెట్టుకుందాం అన్నాడు. 'మన' అన్న మాట కూడా ఆమెకు బాగానే వినబడింది అప్పట్లో.

గిన్నెలు అయ్యాయి. చేతులు తుడుచుకుంటూ ముందు గదిలోకి వెళ్లి కుర్చీలో కూర్చుంది. తెర మీద మొదటి వంటిల్లు ఆమె కోసమే కూర్చున్నట్టుంది. సింకు మీద కిటికీ. నాలుగడుగుల వెడల్పు, మూడున్నర ఎత్తు. కిటికీలోంచి పడిన పొద్దుటి ఎండ గట్టు మీద ఏటవాలుగా ముక్క కోసినట్టుంది. ఆ ఎండ ముక్క సరిగ్గా కుదరడానికే రెండు రోజులు పట్టింది. సింకు ముందు ఒక స్త్రీ నిలబడి ఉంది.

ఆ స్త్రీది కూడా ఒక కథ. గదుల కొలత చూసేవాళ్లకి తెలియాలంటే లోపల ఒక మనిషి బొమ్మ పెట్టడం ఆ పనిలో మామూలే. కంప్యూటరుతో పాటు ఊరికే వచ్చే బొమ్మలన్నీ చేతిలో బ్యాగు పట్టుకుని ఎక్కడికో పోయేవాళ్లే. ఆడబొమ్మలున్నా ఎత్తు మడమల చెప్పులేసుకుని ఫోన్లో నవ్వుతుంటాయి. గిన్నె తోమే బొమ్మ ఒక్కటీ లేదు. అందుకని తనే చేసింది. నమూనాకి ఫొటో కావాల్సొచ్చి ఫోన్లన్నీ వెతికితే ఒకటి దొరికింది. వంటింటి కుళాయి కారుతుంటే ప్లంబరుకి పంపడానికి భర్త తీసిన ఫొటో. మధ్యలో కుళాయి, పక్కన పొరపాటున పడిన ఆమె వీపు. గత ఆరేళ్లలో ఆయన ఆమెకి తీసిన ఫొటో అదొక్కటే. అందులోనూ ఆమె కుళాయికి అడ్డం వచ్చిందని రెండోసారి తీశాడు.

ఆ వీపునే చేసింది. ఎడమ భుజం కాస్త దిగి, మెడ ముందుకు వంగి, జుట్టు పైకెత్తి పెన్సిలు గుచ్చిన ముడి. వంటింటితో పాటు ఆమె కూడా వరసలుగా వెళ్లింది. ఎనిమిదిళ్లలో నాలుగు అద్దంలో బొమ్మలా తిరగేసినవి కాబట్టి, ఆ నాలుగిళ్లలోనూ ఆమె ఎడంచేత్తో గిన్నెలు తోముతుంది. యాభైఆరుమంది కుడిచేతివాళ్లు, యాభైఆరుమంది ఎడంచేతివాళ్లు. ఒకే ముడి, ఒకే పెన్సిలు. వేలిముద్రలు కూడా కలుస్తాయంటే కలుస్తాయి.

మొహం మాత్రం లేదు. లోపలినుంచి చూసే కెమెరాకి వీపే కనబడుతుంది కాబట్టి ఎవరూ అడగలేదు. కానీ కిటికీ ఉంది కదా. బయటనుంచి భవనాన్ని చూపించేటప్పుడు కిటికీల్లోంచి ఆమె ఎదురుగా కనబడుతుంది. మొహం లేకుండా నిలబడితే జనం జడుసుకుంటారు. అందుకని పదిహేను రోజులుగా ఆమె ఆ మొహం చేస్తోంది. కూర పొయ్యి మీద పెట్టి వచ్చి కాసేపు, అత్తగారికి మందులిచ్చి వచ్చి కాసేపు. నుదురు కుదిరింది. ముక్కు ఫరవాలేదు. కళ్ల దగ్గర ఆగిపోయింది. కిటికీలోంచి బయటికి చూసే ఆడమనిషి కళ్లు ఎలా ఉంటాయో ఆమెకు తెలియదు. ఆమె వంటింట్లో సింకు మీద గోడ ఉంది. తెల్ల పలకలు, అడ్డంగా తొమ్మిది, నిలువునా ఆరు. యాభైనాలుగు. నాలుగో వరసలో మూడోది అంచు పగిలింది. పదకొండేళ్లుగా పొద్దునా మధ్యాహ్నం సాయంత్రం ఆమె కళ్లు చూస్తున్నది వాటినే. పలకల్ని చూసే కళ్లెలా ఉంటాయో అడిగితే చిటికెలో చేసి పెట్టేది.

అందుకే లేచి భర్త బల్ల దగ్గరికి వెళ్లింది.

"ఏవండీ, బిల్డరుకి ఒక్కసారి చెప్పి చూడరా? కిటికీ ఉంచి, బయట జాలీలాంటిది పెడదాం. గిన్నెలు కనబడవు, గాలీ వెలుతురూ పోవు. నేను గీసిస్తాను."

ఆయన ఫోన్లోంచి తలెత్తలేదు. "చెప్పాడుగా వద్దని."

"నూటపన్నెండిళ్లండీ. ఒక్కో ఇంట్లో ఒక్కో మనిషి రోజుకి అయిదారు గంటలు..."

"నువ్వు మరీ నాటకంలా మాట్లాడకు. మనింట్లో లేదు, చచ్చిపోయామా?"

'చచ్చిపోయామా' అన్న మాటలో ఆ 'మనం' ఎవరో ఆమెకు అర్థం కాలేదు. ఆయన వంటింట్లో గుమ్మం దాటి లోపలికి అడుగుపెట్టి ఎన్నాళ్లయిందో క్యాలెండరుకి కూడా గుర్తుండదు.

"పైగా నీకు లాభమే కదా," అన్నాడు ఆయన ఉదారంగా. "కిటికీ పోతే మొహం చేసే పని కూడా తప్పుతుంది. పదిహేను రోజులుగా దాన్నే పట్టుకుని కూర్చున్నావు. వీపు చాలు."

అత్తగారు అప్పుడే కర్ర పొడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. డెబ్భైరెండేళ్ల మనిషి. ఆవిడ నోరు మంచిదని శత్రువులు కూడా అనరు. ఎదురింటి కుక్క ఈవిడ గొంతు విని మొరగడం మానేసిందని వీధిలో చెప్పుకుంటారు. కంప్యూటరంటే ఆవిడకి గిట్టదు. ఆ పెట్టె ముందు కూర్చున్నంతసేపూ కోడలు పని ఎగ్గొడుతోందనే లెక్క. కానీ ఆరోజెందుకో కళ్లు చికిలించుకుని తెరకేసి చూసింది.

"ఇది నీ వీపే కదే?" అంది.

కోడలు ఉలిక్కిపడింది. ఈ బొమ్మని బిల్డరు చూశాడు, ఇంజనీరు చూశాడు, భర్త రోజుకి పదిసార్లు చూశాడు. ఒక్కరూ పోల్చలేదు.

"ఎలా తెలిసిందత్తయ్యా?"

"రోజూ చూసే వీపు తెలీదా? వెనకాల కూర్చుని చూసేదాన్ని నేనేగా." ఇంకొంచెం దగ్గరికి వచ్చింది. "ఆ ఎదురుగా ఏంటే, తెల్లగా? కిటికీయా?"

"కిటికీయేనత్తయ్యా. ఇప్పుడు తీసెయ్యమంటున్నారు."

ముసలావిడ కర్ర తిప్పుకుని లోపలికి నడిచింది. నాలుగడుగులు వేసి, వెనక్కి చూడకుండానే, "ఇలా రా ఒకసారి" అంది.

వంటింట్లో సింకు ముందు నిలబడి, కర్ర పైకెత్తి, పలకల వరస పైన గోడని టకటకా కొట్టింది. అక్కడ సున్నం కింద సన్నగా ఒక బీట అడ్డంగా పోయింది. ఏడడుగుల ఎత్తులో, అయిదడుగుల పొడవున, గీత గీసినట్టు.

"ఇదేంటో తెలుసా?"

"బీట."

"బీటట! పెద్ద చదువులు చదివింది! అది లింటెలే. కిటికీ మీద పోసే దూలం. మీ మామగారు మేస్త్రీ కదా, తన చేత్తోనే పోశారు. సింకు దగ్గర కిటికీ కావాలని నేను కాళ్లా వేళ్లా పడితే సరేనన్నారు. దూలం ఎండింది. చెక్క తీసేశారు. నాలుగు రోజులు అక్కడ ఖాళీ ఉంది. నేనక్కడ నిలబడి గిన్నెలు కడిగాను. రోడ్డు మీద ఎవడో సైకిలు నేర్చుకుంటున్నాడు. పడుతున్నాడు, లేస్తున్నాడు. నాకు నవ్వాగలేదు. అంతే. అయిదోరోజు ఇటుకలు పెట్టి కట్టేశారు. ఏంటండీ అంటే, ఆడది కిటికీ దగ్గర నిలబడితే పని సాగదు, వీధిలోకి పళ్లికిలిస్తుంది అన్నారు."

"మీరేం అన్నారు?"

"ఏమంటాను? ఇటుకలు నేనే అందించాను."

కుళాయి ఇంకా కారుతోంది. ప్లంబరు వచ్చి వెళ్లి ఏడాదయింది. ముసలావిడ కొంగుతో గట్టు తుడిచింది, అక్కడ తడి లేకపోయినా.

"గోడకి మొహం పెట్టి నిలబడటంలో ఒక సుఖముందిలే," అంది. "ఏడ్చినా ఎవడికీ కనబడదు."

ఆవిడ వెళ్లిపోయాక ఆమె ఆ గీతకేసి చూస్తూ నిలబడిపోయింది. కాగితం మీద గీత చూసి గోడ లోపల ఇనుము ఎక్కడుందో చెప్పగల మనిషి. బీట అడ్డంగా, ఆ ఎత్తులో, ఆ పొడవున ఉంటే దాని కింద ఒకప్పుడు ఖాళీ ఉండేదని మొదటి ఏడాది విద్యార్థి కూడా చెప్తాడు. పదకొండేళ్లు కళ్లెదురుగా ఉంది, చూడలేదు. అంటే కళ్లు కూడా పోయాయన్నమాట ఎప్పుడో. అత్తగారు నలభై ఏళ్లు, తను పదకొండేళ్లు, ఒకే గట్టు, ఒకే గోడ, ఎడమ భుజం ఒకేలా దిగడం. మామగారు మూసిన కిటికీని అత్తగారు ఇటుకలందించి మూసింది. ఇప్పుడు కొడుకు మూయమంటున్నాడు, తను మౌస్ అందించి మూస్తుంది. ఈ ముడి వేసిందెవరో, మొదటి వంటిల్లు ఏ కాలంలో ఎవరు కట్టారో, ఎక్కడ మారిస్తే అన్నీ మారతాయో వెతుక్కుంటూ పోతే చివరికి ఒక మనిషి కనబడాలి కదా. ఎవరూ కనబడటం లేదు. వెనకాల ఇంకో వీపు, దాని వెనకాల ఇంకో వీపు. ఆ సున్నా దూరంలో పెట్టిన కుర్చీలు గుర్తొచ్చాయి ఆమెకు. అప్పుడు అంతమందితో కలిసి పడీపడీ నవ్వింది కానీ, ఆ పొరపాటుని ఆయన తర్వాతెప్పుడూ దిద్దుకోలేదు, ఆమె మీదే చేశాడు. వంట చేసే మనిషి, మందులు గుర్తుపెట్టుకునే మనిషి, వచ్చినవాళ్లకి టీ ఇచ్చే మనిషి, భవనాలు కట్టే మనిషి, కట్టింది తను కాదన్నట్టు తలుపు పక్కన నిలబడే మనిషి, అందర్నీ ఒకే చోట, మధ్య దూరం సున్నాగా, ఒకళ్లలో ఒకళ్లని దూర్చి పేర్చేశాడు. చూసేవాళ్లకి ఒక్కతే కనబడుతుంది. ఒక్క మనిషికి ఇంత ఆయాసమేంటని అడుగుతారు. పక్కకి జరిపి చూసేవాళ్లే లేరు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కిటికీ మూసేసింది. గోడలో రంధ్రాన్ని ఎంచుకుని తీసెయ్యడమే. అంతకంటే ఏమీ లేదు. మొదటి వంటింట్లో ఎండ ముక్క ఆరిపోయింది. దూరం జరిపి భవనమంతా చూసింది. పద్నాలుగు వరసలూ ఒక్కసారే గుడ్డివయ్యాయి. చప్పుడు కూడా రాలేదు. భర్త వెనకనుంచి చూసి, "చూశావా, అదేముంది అన్నానా లేదా" అన్నాడు. సగం చేసిన మొహాన్ని కూడా తీసేసింది. దాన్ని ఎక్కడా దాచుకోలేదు. దాచుకుని ఏం చేస్తుంది?

నాలుగు రోజుల తర్వాత, బిల్డరు తన భాగస్వాములతో కలిసి ఆఖరిసారి చూడటానికి వచ్చే రోజు పొద్దున, భర్త మళ్లీ వంటింటి గుమ్మంలో తేలాడు.

"చిన్న మార్పు. పై అంతస్తులో మూల ఇల్లు బిల్డరు తనకే ఉంచుకుంటున్నాడట. దానికి మాత్రం కిటికీ ఉంచమన్నాడు. వాళ్లావిడకి గోడ ఎదురుగా ఉంటే ఊపిరాడదట."

ఆమె చేతిలో గిన్నె ఆగింది. "ఊపిరాడదా?"

"అట. ఇంకోటి, ఆ ఇంట్లోంచి ఆ బొమ్మని తీసెయ్. వాళ్లావిడ గిన్నెలు తోముతున్నట్టుంటే బాగోదు కదా. పదకొండింటికల్లా వచ్చేస్తారు. టీకి పాలున్నాయా?"

పాలున్నాయి. వెళ్లి కూర్చుంది. నూటపన్నెండో వంటింటిని ఎంచుకుని, మిగతావాటితో దానికున్న ముడి విప్పింది. ఒక్క మీట నొక్కితే విడిపోతుంది, అంత తేలిక. దాంట్లో కిటికీ తెరిచింది. మిగతా నూటపదకొండూ కదల్లేదు. ఎండ ముక్క ఏటవాలుగా వచ్చి గట్టు మీద కూర్చుంది, ఎక్కడికీ పోనట్టు. తర్వాత అక్కడున్న బొమ్మని తీసేసింది.

చేతులు ఒళ్లో పెట్టుకుని చూసింది. కిటికీ ఉన్నచోట ఆమె లేదు. ఆమె ఉన్నచోట కిటికీ లేదు. ఇంత చక్కగా, ఒక్క అంగుళం తేడా రాకుండా, ఇంత పెద్ద భవనంలో ఇది ఎవరు అమర్చారయ్యా అంటే తనే. ఎవరూ బలవంతంగా చెయ్యి పట్టుకుని చేయించలేదు. పాలున్నాయా అని అడిగారు, ఉన్నాయంది. ఏడుపు వస్తుందేమో అని చూసుకుంది. రాలేదు. వచ్చి ఉంటే బాగుండేదనిపించింది. కోపం కోసం కూడా వెతికింది, ఇంట్లో ఎక్కడో పెట్టి మర్చిపోయిన కత్తెర కోసం వెతికినట్టు. అదీ దొరకలేదు. లోపల వంటిల్లు కడిగేసినట్టుంది, అంతే, తడిగా, ఖాళీగా. తెర మీద నూటపదకొండుమంది గోడల్ని చూస్తూ నిలబడి ఉన్నారు. కూర్చోవడానికి వాళ్లెవరికీ తను ఒక స్టూలు కూడా చెయ్యలేదని ఇప్పుడు గుర్తొచ్చింది. పెడతానని అనుకుంది ఒకసారి. మర్చిపోయింది. భర్త మర్చిపోతే ఆయన తీరే అంత అంటారు. తను వీళ్లని మర్చిపోతే అది ఎవరి తీరు?

మొదటి వంటింటికి వెళ్లింది. మొదటి స్త్రీ మీద బాణం పెట్టింది. దిగిన భుజం, ముడి, పెన్సిలు. నువ్వు పోతే ఏమవుతుందే, కిటికీలు తెరుచుకుంటాయా అని అడిగింది మనసులో. తెరుచుకోవు. ఎవరైనా ఏమైనా నేర్చుకుంటారా? నేర్చుకోరు. మరెందుకు? ఏమో. నిలబడి నిలబడి ఉన్నావు కదా.

తీసేసింది. ఒక్కతిని తీస్తే పద్నాలుగంతస్తుల్లోనూ అందరూ వెళ్లిపోయారు. కుడిచేతివాళ్లూ ఎడంచేతివాళ్లూ. నూటపదకొండు గిన్నెలు సింకుల్లో సగం తోమి ఉన్నాయి. బొమ్మ అసలు ఫైలు వేరే ఉంటే దాన్నీ తీసేసింది. చెత్తబుట్ట ఖాళీ చేసింది. ఫొటో ఒకటి మిగిలింది ఫోన్లో, కుళాయిదీ ఆమెదీ. అదీ పోయింది. తర్వాత లేచి పాలు పొయ్యి మీద పెట్టింది.

పదకొండింటికి బిల్డరూ ఇద్దరు భాగస్వాములూ వచ్చారు. ముందు గది గోడకున్న పెద్ద తెర మీద భర్త వాళ్లని తిప్పడం మొదలుపెట్టాడు. గేటు, లిఫ్టు, వరండా. మూల ఇంటి తలుపు తీశాడు. హాలు. పడగ్గదులు. వంటిల్లు. కిటికీలోంచి ఎండ.

"ఇదీ మా ఇల్లు," అన్నాడు బిల్డరు సంబరంగా. "మా ఆవిడకి నచ్చుతుంది. భలే, చెప్పినట్టే చేయించారు. ఇక మామూలు ఇల్లొకటి చూపించండి."

మామూలు ఇల్లు. హాలు. పడగ్గదులు. వంటిల్లు. గట్టు, సింకు, గోడ.

"ఇదేంటి, ఆ అమ్మాయి ఏదీ?" అన్నాడు బిల్డరు. "మొన్న ఇక్కడ నిలబడి ఉండేదిగా."

"ఉంటుంది సార్, ఉంటుంది," అంటూ భర్త పక్కింటికి వెళ్లాడు. గోడ. కింది అంతస్తుకి దిగాడు. గోడ. ఇంకా కిందికి. వేగం పెరిగింది. వంటిళ్లు రైలు పెట్టెల్లా తెర మీద పరిగెత్తాయి, ఒక్కదాంట్లోనూ మనిషి లేదు.

"అందరూ ఒకేసారి సెలవు పెట్టినట్టున్నారండీ," అన్నాడు ఒక భాగస్వామి. గొల్లున నవ్వారు.

"నవ్వులాట కాదు," అన్నాడు బిల్డరు. "అది లేకపోతే వంటిల్లులా లేదు, గోడౌన్లా ఉంది. కొనేవాళ్లతో వాళ్ల ఆడవాళ్లు కూడా వస్తారు. లోపల ఒక మనిషి కనబడితే, సరే, నిలబడొచ్చు అనిపిస్తుంది. ఇదేదో శిక్షలా ఉంది చూస్తుంటే."

టీ ట్రే పట్టుకుని ఆమె అప్పుడే గుమ్మంలోకి వచ్చింది. ఆమె వెనక, తలుపు చాటున, అత్తగారి కర్ర చప్పుడు ఆగింది.

"అదేముంది సార్, రెండు నిమిషాల పని," అన్నాడు భర్త. ఆమె వైపు తిరిగాడు. నలుగురి ముందు మాట్లాడేటప్పుడు వచ్చే నవ్వు మొహంలో వచ్చింది. "ఏమోయ్, ఎక్కడో పొరపాట్న చెరిగిపోయినట్టుంది. వచ్చి ఒక్కతిని పెట్టెయ్. మిగతావాళ్లందరూ వాళ్లంతటవాళ్లే వచ్చి నిలబడతారు."

ఆమె ట్రేని బల్ల మీద పెట్టింది. గ్లాసులు ఎవరి చేతికీ అందించలేదు. బల్ల మీద అంతకుముందు తాగిన ఖాళీ గ్లాసులు మూడు ఉన్నాయి, వాటినీ తియ్యలేదు. అందరూ తనకేసి చూస్తున్నారు. పదకొండేళ్లలో ఆ గదిలో అందరూ ఒకేసారి ఆమె మొహం చూడటం అదే మొదలు.

"ముందు ఆ ఒక్కతీ ఉండాలి కదండీ," అంది.